జెర్సీలు వచ్చాక ఇద్దరు పిల్లలు రావడం మానేశారు, ఎక్కడ తప్పు చేశాం?

ఆదివారం_కోచ్ · మంగళవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మేం ముగ్గురం కలిసి ఏడాదిన్నరగా సాయంత్రాలు పిల్లలతో ఫుట్‌బాల్ ఆడిస్తున్నాం. వారానికి మూడు రోజులు, ఫీజు లేదు, రిజిస్టర్ లేదు, ఎవరొస్తే వాళ్లు ఆడొచ్చు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు 26 మంది దాకా వస్తారు. కొందరు చదువు మానేసి పనికి పోతున్నవాళ్లు, నలుగురు పిల్లల హోమ్‌లో ఉండేవాళ్లు, కొందరు రోజుకూలీ ఇళ్లవాళ్లు, బాగా ఉన్న ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు కూడా ఓ ఐదారుగురు. మాకు కోచింగ్ లైసెన్సులేమీ లేవు, కాలేజీ రోజుల్లో ఆడాం, అంతే.

మూడు నెలల కిందట ఒక దాత 16 జెర్సీలు, 16 జతల బూట్లు ఇచ్చారు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో చిన్న జట్లన్నీ కలిసి ఆడుకునే ఒక లీగ్‌లో పేరిచ్చేసి, 16 మందిని సెలెక్ట్ చేశాం. మిగతావాళ్లకి "మీరూ ప్రాక్టీసుకి రండి, వచ్చేసారి మీకే ఛాన్స్" అన్నాం. అప్పట్నుంచి ఇద్దరు కనబడటం లేదు. వింత ఏంటంటే అందులో ఒకడు సెలెక్ట్ అయినవాడే. ఎడమ కాలి ఆటగాడు, వాడు కార్నర్ కొడితే బంతి గోల్ వైపు వంగి వస్తుంది, ఎవరూ నేర్పలేదు. అందరికన్నా అరగంట ముందొచ్చి గోల్‌పోస్టుకి నెట్ కట్టేది కూడా వాడే. రెండో పిల్ల సెలెక్ట్ కాలేదు. నాలుగేళ్ల చెల్లెల్ని చంకనేసుకుని వచ్చేది, ఆ పాప గీత బయట కూర్చుని మా కోన్‌లతో ఆడుకునేది.

ఫోన్ చేస్తే "వస్తాం సార్" అంటారు. రారు. ఇద్దరినీ ఇబ్బంది పెట్టకుండా వెనక్కి ఎలా పిలవాలి? అసలు మేం చేసిన తప్పేంటి?

పాత_కీపర్ · మంగళవారం రాత్రి 10:15

26 మంది, 16 జెర్సీలు. తప్పేంటో నీ పోస్టులోనే ఉంది తమ్ముడూ.

ఒక్క ప్రశ్న. బూట్లు ఇచ్చిన రోజు ఫొటో దిగారా?

ఆదివారం_కోచ్ · మంగళవారం రాత్రి 10:21

దిగామండీ. దాతగారు అడిగారు, కాదనలేకపోయాం. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరికీ చేతికి ఇచ్చారు, వెనక బ్యానర్ కూడా ఉంది. అదేమైనా పెద్ద విషయమా?

పాత_కీపర్ · మంగళవారం రాత్రి 10:58

నా సంగతి చెప్తా విను. నాకు పదిహేనేళ్లప్పుడు ఎవరో ఇచ్చిన బూట్లు నా కాలికి రెండు సైజులు పెద్దవి. ముందు భాగంలో పేపరు కుక్కుకుని కీపింగ్ చేసేవాణ్ణి, దానికి నాకేం సిగ్గు లేదు, గోల్ కిక్ కొడితే ఒక్కోసారి బంతితోపాటు బూటూ ఎగిరేది, అందరం పడీపడీ నవ్వుకునేవాళ్లం. కానీ ఒకరోజు వాటిని పాతవి కింద పక్కన పెట్టించి, కొత్తవి ఇస్తూ, మైకులో నా పేరూ ఇంటి పరిస్థితీ చెప్పారు. అక్కడ మా క్లాసు వాళ్లు ఉన్నారు. అప్పటిదాకా నేను వాళ్లకి గోల్‌కీపర్ని. ఆ రోజు నుంచి "పాపం" అయిపోయాను. కొత్త బూట్లు సరిగ్గా సరిపోయాయి, నాలుగు నెలలు గ్రౌండుకి పోలేదు.

ఎందుకు రావట్లేదని అడిగితే నేను కూడా "వస్తాను సార్" అనే చెప్పేవాణ్ణి.

విజిల్_మాస్టర్ · బుధవారం ఉదయం 6:05

ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను కాబట్టి నాలుగు ముక్కలు. ఈ కాలంలో ప్రతిదానికీ మనసు నొచ్చుకుందంటున్నారు. బాబూ, ఆటంటే పోటీ. పోటీ అంటే ఎంపిక. 26 మందిలో 16 మందిని తీసుకోవడం నేరం కాదు. మీరు జాలితో అందర్నీ ఆడిస్తే పిల్లలకి తెలియదనుకుంటున్నారా? ఊరికే ఇచ్చిన చోటు అని వాళ్లకి అందరికంటే ముందు తెలుస్తుంది. నా దగ్గర చదువులో వెనకబడి, ఇంట్లో ఆదరణ లేక, బడిలో అందరితో తిట్లు తినే పిల్లలు జట్టులోకి వచ్చాక తలెత్తుకు తిరగడం కళ్లారా చూశాను. అది వాళ్లు గెలుచుకున్న చోటు, ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. దాని విలువ వేరు.

లెఫ్ట్‌వింగ్ · బుధవారం ఉదయం 7:30

మాస్టారూ, గౌరవంగానే అడుగుతున్నా, జట్టులోకి వచ్చి తలెత్తుకున్నవాళ్లు మీకు గుర్తున్నారు. ఎంపిక కాక వెళ్లిపోయినవాళ్లు ఎందరు గుర్తున్నారు?

విజిల్_మాస్టర్ · బుధవారం ఉదయం 7:52

మంచి ప్రశ్నే వేశావమ్మా. ఒకరిద్దరు గుర్తున్నారు. ఎక్కువమంది గుర్తు లేరు, ఒప్పుకుంటాను.

లెక్కల_పిచ్చి · బుధవారం ఉదయం 9:10

ఎంపిక అంటే ప్రతిభ అని మాస్టారు అనుకుంటున్నారు, అక్కడ నాకో చిన్న పేచీ ఉంది. 1980లలో కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు చూస్తే తేలిన సంగతి ఇది: పైస్థాయి జట్లలో సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్లు చాలా ఎక్కువ, చివరి నెలలవాళ్లు తక్కువ. కారణం మంత్రం ఏమీ కాదు. వయసు లెక్క జనవరి 1తో మొదలయ్యేది. అదే వయసు గ్రూపులో జనవరి పిల్లాడు డిసెంబరు పిల్లాడికంటే దాదాపు ఏడాది పెద్ద. కాస్త పొడుగు, కాస్త బలం, అది చూసి కోచ్ "ప్రతిభ" అనేస్తాడు. వాణ్ణి తీసుకుంటే వాడికే ఎక్కువ ప్రాక్టీసు, ఎక్కువ మ్యాచ్‌లు, దాంతో వాడు నిజంగానే బాగా ఆడతాడు. తర్వాత ఫుట్‌బాల్‌లో, ఇంకా చాలా ఆటల్లో ఇదే కనబడింది.

దీని మీద ఇంకో పొర వేయండి. ఒకే పుట్టినరోజున్న ఇద్దరు 14 ఏళ్ల పిల్లల మధ్యే శరీర ఎదుగుదలలో రెండు మూడేళ్ల తేడా ఉండొచ్చు. చిన్నప్పట్నుంచి సరైన తిండి లేని పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారు. అంటే మీరు 14 ఏళ్లకే గీత గీస్తే ఎవరు బయట పడతారో ఆలోచించండి.

అనుమానం_పక్షి · బుధవారం ఉదయం 11:45

అందరికీ కోపం వచ్చే మాట ఒకటి అంటాను. ఆట పిల్లల్ని కలుపుతుందన్నదే సగం నిజం. గ్రౌండులో కూడా పెద్ద చిన్న తేడాలుంటాయి. ఎవడు బంతి మోయాలి, ఎవడికి పాస్ రాదు, ఎవడి ఇంటిపేరు వినగానే నవ్వుతారు, అన్నీ ఉంటాయి. నేను ఆడిన జట్టులో కొత్తవాణ్ణి ఏడిపించడం ఒక ఆనవాయితీ. కోచ్‌కి తెలుసు. "గట్టిపడతార్లే" అనేవాడు.

అమెరికాలో 1986లో మేరీల్యాండ్‌లోని గ్లెనార్డెన్ అనే చిన్న పట్టణంలో మిడ్‌నైట్ బాస్కెట్‌బాల్ మొదలైంది, రాత్రి 10 నుంచి 2 గంటల దాకా కుర్రాళ్లని వీధుల్లోంచి కోర్టులోకి తేవాలని. చాలా నగరాలు అందుకున్నాయి. 1994లో అక్కడి క్రైమ్ బిల్లు చర్చలో ఒక పక్షం దాన్ని మహత్యం అంది, ఇంకో పక్షం ఎగతాళి చేసింది. రెండు పక్షాలదీ ఒకే తప్పు: బంతి ఇస్తే చాలు నేరం తగ్గిపోతుందా లేదా అని వాదించుకున్నారు. ఆ పథకంలో ఆటతోపాటు ఉద్యోగాల గురించీ చదువు గురించీ క్లాసులుండేవి, వాటికి కూర్చుంటేనే ఆట. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

పైగా చూడండి, "మీరు నేరాలు చేస్తారేమో, అందుకే మీకు ఆట" అని చెప్తే ఆ కుర్రాడు లోపలికి వచ్చినట్టా, గేటు దగ్గరే ముద్ర వేయించుకున్నట్టా?

పాత_కీపర్ · బుధవారం మధ్యాహ్నం 12:20

పక్షీ, నీకు కోపం రావాలని రాశావు గానీ నాకు రాలేదు. ముద్ర అన్నావు చూడు, అదే మాట.

మూడో_బెంచి · బుధవారం మధ్యాహ్నం 2:33

నేను పిల్లలతో పనిచేసే సంస్థల్లో పన్నెండేళ్లుగా ఉన్నానండీ. కోచ్‌గారూ, ఇక్కడ అందరూ కారణాలు ఊహిస్తున్నారు, మీరూ అదే చేస్తున్నారు. పిల్లలు మానేయడానికి మనం ఊహించే కారణం ఎప్పుడూ మన కళ్లకి కనబడేదే అవుతుంది. జెర్సీ, ఫొటో, సెలెక్షన్. నా అనుభవంలో అసలు కారణాలు మహా చప్పగా ఉంటాయి. అమ్మ షిఫ్టు మారింది. అన్న సైకిలు అమ్మేశారు. మీరు వాట్సాప్ గ్రూపులో టైము మార్చారు, ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్న దగ్గర ఉంది. ఇంట్లో "మార్కులు తక్కువొచ్చాయి, ఆట బంద్" అన్నారు (1989 బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటని హక్కు అంటుంది, మనం మాత్రం దాన్ని బహుమతి చేసేశాం, తీసేసుకోవడానికి వీలుగా).

రెండు సంగతులు అడుగుతాను. లీగ్‌లో చేరడానికి ఏమైనా ఫారం నింపించారా? అందులో ఏమేం అడిగారు? ఆ కుర్రాడు చివరిగా వచ్చిన రోజు ఏం జరిగింది, నిమిషం నిమిషం గుర్తు చేసుకోండి.

ఆదివారం_కోచ్ · బుధవారం సాయంత్రం 6:50

మేడమ్, మీ ప్రశ్న చదివాక గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

ఫారం ఉంది. ఒక పేజీ. పేరు, పుట్టినతేదీ, తండ్రి పేరు, శాశ్వత చిరునామా, తండ్రి సంతకం. బర్త్ సర్టిఫికెట్ కాపీ జతచేయాలి. మాకది మామూలు కాగితంలాగే అనిపించింది. పదిహేను మంది తెచ్చిచ్చారు. ఆ గురువారం వార్మప్ అయ్యాక అందరూ గుండ్రంగా నిలబడి ఉంటే నేను లిస్టు చూసి "నీదొక్కడిదే పెండింగ్ రా, రేపటికల్లా తేవాలి, నీ వల్ల టీమ్ మొత్తం ఆగుతోంది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. వాడూ నవ్వాడు. శుక్రవారం రాలేదు.

వాడు మేనత్త ఇంట్లో ఉంటాడని తెలుసు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

పాత_కీపర్ · బుధవారం సాయంత్రం 7:04

ఫొటో అనుకున్నాను. కాదన్నమాట. మేడమ్‌కి దండం.

ఆదివారం_కోచ్ · బుధవారం సాయంత్రం 7:15

ఇప్పుడే బండేసుకుని వాళ్లింటికి వెళ్దామనుకుంటున్నా. వాణ్ణి పక్కకి తీసుకెళ్లి సారీ చెప్పేస్తే నాకూ మనసు కుదుటపడుతుంది.

మూడో_బెంచి · బుధవారం సాయంత్రం 7:19

ఆగండి. ఇప్పుడు కాదు, ఒక్కరే అసలు కాదు.

మీ మనసు మంచిదే, అనుమానం లేదు. కానీ ఒక పెద్దాయన రాత్రిపూట ఒంటరిగా వెళ్లి ఒక పిల్లాణ్ణి పక్కకి తీసుకెళ్లడం అనేది, ఎంత మంచివాళ్లయినా, అలవాటు కాకూడదు. పిల్లలతో విడిగా చాటింగ్ కూడా వద్దు. 2016లో ఇంగ్లండ్‌లో మాజీ ఫుట్‌బాలర్లు ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి చిన్నప్పుడు కోచ్‌లు తమని లైంగికంగా వేధించారని చెప్పారు. వాళ్లలో కొందరు చెప్పినది, ఇంట్లో అందరూ ఆ కోచ్‌ని నమ్మారని. ఎవరూ లేని పిల్లలు, కోచే దిక్కని అనుకునే పిల్లలు, అలాంటివాళ్లకి మరీ సులువుగా దొరికిపోతారు. అందుకే నియమం మంచివాళ్లకి కూడా వర్తించాలి. ఇద్దరు వెళ్లండి, పగలు వెళ్లండి, ముందు మేనత్తగారితో మాట్లాడండి. మాట్లాడేటప్పుడు నలుగురికీ కనబడే చోట ఉండండి, నలుగురికీ వినబడక్కర్లేదు.

ఇంకోటి. "నాకు మనసు కుదుటపడుతుంది" అన్నారు చూడండి. అది వాడి పని కాదు.

ఆదివారం_కోచ్ · బుధవారం సాయంత్రం 7:26

సరే మేడమ్. శనివారం ఉదయం, మా ముగ్గురిలో ఒకరు ఆడవాళ్లే, ఆవిడా నేనూ వెళ్తాం.

లెఫ్ట్‌వింగ్ · బుధవారం రాత్రి 9:00

అందరూ అబ్బాయి మీదే పడ్డారు, ఆ అమ్మాయి ఏమైంది? నేను ఆడినదాన్ని కాబట్టి అడుగుతున్నా. చెల్లెల్ని చంకనేసుకుని వచ్చేదన్నారు. అంటే ఆ టైములో పాపని చూసే బాధ్యత ఆమెది. ఆమె ఆడేటప్పుడు పాప గీత బయట ఒక్కతే. ఒక్కసారి బంతి ఆ పాప వైపు దూసుకెళ్తే చాలు, ఇక ఆ పిల్ల ఆట మీద మనసు పెట్టలేదు. సెలెక్షన్లో ఆమె బాగా ఆడలేదని రాసుకుని ఉంటారు. ఆమె తల ఎన్నిసార్లు గీత వైపు తిరిగిందో లెక్కపెట్టారా?

మా దగ్గర చేసింది చెప్తాను. పెద్ద ప్లానేం కాదు. గీతకి దూరంగా నీడలో ఒక పట్టా, నాలుగు పాత బంతులు, వంతులవారీగా ఒక పెద్ద మనిషి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ అక్కడ. ఇది పెట్టాక అంతకుముందు రాని అమ్మాయిలు ఐదుగురు వచ్చారు. వాళ్లకి ఆట ఇష్టం లేదని మేం రెండేళ్లు అనుకున్నాం! ఇంకా చాలా ఉన్నాయి, చీకటి పడకముందే అయిపోవాలి, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది కావాలి, నెలసరి రోజుల్లో "ఇవాళ ఆడను" అంటే ఎందుకని అడక్కూడదు, ప్యాడ్లు అడక్కుండా తీసుకునే చోట ఉండాలి.

రూలు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఒకటి. 2011లో ఇరాన్ మహిళల జట్టు ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడటానికి జోర్డాన్ దాకా వెళ్లి, తలకి గుడ్డ ఉందన్న కారణంగా గ్రౌండులోంచి వెనక్కి రావాల్సి వచ్చింది. ఏడ్చారు వాళ్లు. 2014లో ఆ రూలు మార్చారు. ఆట మారలేదు, బంతి మారలేదు, ఒక్క వాక్యం మారింది.

తోకలో_రన్నర్ · బుధవారం రాత్రి 9:41

నాది పరుగు, మీది ఫుట్‌బాల్, అయినా దూరుతున్నా. 2004లో లండన్‌లో బుషీ పార్కులో 13 మందితో మొదలైన పార్క్‌రన్ గురించి వినే ఉంటారు, శనివారం శనివారం 5 కిలోమీటర్లు, ఉచితం. అందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, చివర్న ఒక వాలంటీరు నడుస్తూ వస్తాడు. అది అతని డ్యూటీ. కాబట్టి వచ్చినవాళ్లలో ఎవరూ ఎప్పుడూ ఆఖరు కారు, ఆఖరు స్థానం ముందే బుక్ అయిపోయింది.

నేను ఇప్పుడు మా గ్రూపులో ఆ పనే చేస్తున్నా. గంటసేపు పక్కన నడుస్తూ ఉంటే మనుషులు ఏమేం చెప్తారో మీరు నమ్మరు.

విజిల్_మాస్టర్ · గురువారం ఉదయం 6:12

ఆ తోక సంగతి బాగుంది నాయనా. నేను ముప్పై ఏళ్లు స్టాప్‌వాచ్ పట్టుకుని ఫినిష్ లైను దగ్గరే నిలబడ్డాను.

కానీ ఇంకోసారి అడుగుతాను. పోటీ లేకపోతే ఆ ఎడమకాలి పిల్లాడి ఆట ఎక్కడికి పోతుంది? వాడికి ఉన్నది అదే కదా.

గోల్‌కి_గంటసేపు · గురువారం ఉదయం 8:55

పోటీ ఉంచి కూడా రూలు మార్చొచ్చు మాస్టారూ. కొలంబియా ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్ 1994 వరల్డ్ కప్‌లో సెల్ఫ్ గోల్ వేశాడు, ఇంటికెళ్లిన కొద్ది రోజులకే మెడెయిన్‌లో కాల్చి చంపారు. ఆ నగరంలో అప్పుడు చదువుకుంటున్న యుర్గెన్ గ్రీస్‌బెక్ అనే జర్మన్, 1996లో అక్కడి గొడవల వీధుల్లోనే ఒక ఫుట్‌బాల్ మొదలుపెట్టాడు. ఆడా మగా కలిసి ఆడాలి. మొదటి గోల్ అమ్మాయే వేయాలి. రెఫరీ లేడు. ఆటకి ముందు రెండు జట్లూ కూర్చుని రూలు ఒప్పుకోవాలి, అయ్యాక మళ్లీ కూర్చుని ఎవరు మాట నిలబెట్టుకున్నారో మాట్లాడుకోవాలి, ఆ ప్రవర్తనకీ పాయింట్లు. అదే ఇప్పుడు ఫుట్‌బాల్3 అని చాలా దేశాల్లో ఆడుతున్నారు. మొదటి గోల్ అమ్మాయి వేయాలంటే ఏం జరుగుతుంది? అప్పటిదాకా ఆమెకి పాస్ ఇవ్వనివాడు ఆమెని వెతుక్కుంటూ ఇస్తాడు. నీతిబోధ అక్కర్లేదు, స్కోరే నేర్పుతుంది.

కెన్యాలో, నైరోబీలోని మతారే మురికివాడలో 1987లో మొదలైన యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్‌లో అయితే పిల్లలు తమ వీధుల్లో చెత్త ఎత్తితే లీగ్ పట్టికలో పాయింట్లు కలుస్తాయి. ఇళ్లు లేనివాళ్ల కోసం 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మొదలైన హోమ్‌లెస్ వరల్డ్ కప్‌లో ఒక మనిషి జీవితంలో ఒక్కసారే ఆడాలి, ఎంత మొనగాడైనా సరే. వచ్చేసారి ఆ చోటు ఇంకొకరిది. అక్కడ కూడా గెలవడానికే ఆడతారు, చూసి చెప్తున్నా, కాళ్లు విరగ్గొట్టుకుంటారు.

అనుమానం_పక్షి · గురువారం ఉదయం 10:02

రెఫరీ లేకుండా అంటే వినడానికి బాగుంటుంది. నోరున్నవాడిదే రాజ్యం అవుతుంది. మా దగ్గర చేశాం, రెండు వారాల్లో ఒకడే అన్ని ఫౌల్సూ తేల్చేవాడు.

గోల్‌కి_గంటసేపు · గురువారం ఉదయం 10:20

రెఫరీ లేడు గానీ మధ్యవర్తి ఉంటాడు. చర్చ నడపడం అతని పని. దానికి ట్రైనింగ్ ఉంది. ఆ మనిషి లేకుండా చేస్తే మీరన్నదే అవుతుంది, నిజమే.

సైలెంట్_రీడర్ · గురువారం మధ్యాహ్నం 1:15

మా అబ్బాయికి బుద్ధిమాంద్యం. వాడికి అన్నిచోట్లా "రానివ్వండి, కూర్చోబెడతాం" అనేవారు. బంతులు మోయించేవారు, దాన్నే పాల్గొనడం అనేవారు. స్పెషల్ ఒలింపిక్స్ వాళ్ల యూనిఫైడ్ పద్ధతిలో అలాంటి పిల్లలూ మామూలు పిల్లలూ ఒకే జట్టులో కలిసి ఆడతారు. వాడి మొదటి మ్యాచ్‌లో ఎదుటి జట్టువాడు వాణ్ణి గట్టిగా ట్యాకిల్ చేశాడు, వాడు కింద పడ్డాడు. నేను లేచి నిలబడ్డా. వాడు పైకి లేచి నవ్వుతున్నాడు. మొదటిసారి ఎవరో వాణ్ణి నిజంగా అడ్డుకోవాల్సినవాడిగా చూశారు.

ఇంతే చెప్పాలనిపించింది.

విజిల్_మాస్టర్ · గురువారం మధ్యాహ్నం 1:40

అమ్మా, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే.

నిర్వాహకుడు · గురువారం సాయంత్రం 4:00

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క మనవి, ఆ పిల్లల్ని గుర్తుపట్టే వివరాలు, ఫొటోలు ఎవరూ పెట్టొద్దు. ఒక ఫొటో తీసేశాం.

ఆదివారం_కోచ్ · ఆదివారం రాత్రి 8:30

నిన్న వెళ్లాం. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మేనత్తగారు తలుపు తీసి మమ్మల్ని చూడగానే "వాడేం చేశాడు?" అన్నారు. మొదటి మాట అది. ఏమీ చేయలేదమ్మా, రావట్లేదని చూసిపోదామని వచ్చాం అంటే నమ్మడానికి కాసేపు పట్టింది. వాడు లోపల్నుంచి వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. నేను అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది అని ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకున్నాను (మేడమ్, మీ మాట గుర్తుంది). మా కోచ్ ఆవిడ ఫారం సంగతి ఎత్తకుండా "నెట్ కట్టేవాళ్లు లేరురా, మేం కడితే సెకండాఫ్‌కల్లా జారిపోతోంది" అన్నారు. అది నిజమే, అబద్ధం కాదు.

వాడేం మాట్లాడలేదు. మేం లేస్తుంటే లోపలికెళ్లి ఒక పుస్తకంలోంచి ఫారం తీసుకొచ్చాడు. నాలుగు మడతలు. నీలం పెన్నుతో అన్నీ నింపాడు, చేతిరాత గుండ్రంగా ఉంది. తండ్రి పేరు గడి ఒక్కటే ఖాళీ. అక్కడ ఏదో రాసి చెరిపిన మరక. "సార్, ఈ గడి ఖాళీగా ఉంచొచ్చా?" అని అడిగాడు. మూడు వారాలుగా ఈ ఒక్క ప్రశ్న వాడి దగ్గర ఉంది, అడిగే సందు మేం ఇవ్వలేదు.

లీగ్ నడిపేవాళ్లకి ఫోన్ చేస్తే "సంరక్షకుల పేరు రాసినా చాలు కదా, ఎప్పుడూ ఎవరూ అడగలేదు" అన్నారు. ఎవరూ అడగకపోవడానికి కారణం నాకు ఇప్పుడు తెలుసు. వచ్చే సీజన్ ఫారంలో ఆ గడి మారుస్తామన్నారు, చూద్దాం. బర్త్ సర్టిఫికెట్ మాత్రం లేదు. అది రావాలంటే మేనత్తగారు ఆఫీసుల చుట్టూ తిరగాలి, మేం తోడు వెళ్తాం. ఈ సీజన్ వాడు లీగ్ ఆడలేకపోవచ్చు, ఆ సంగతి దాచకుండా చెప్పేశాం.

అమ్మాయి ఇంకా రాలేదు. వాళ్లమ్మ సాయంత్రం పనికి మారారట, ఇల్లు ఈ పిల్ల మీదే ఉంది. ఒక రోజు ప్రాక్టీసు ఆదివారం ఉదయానికి మార్చి చూద్దామనుకుంటున్నాం, పట్టా కూడా వేస్తాం. వస్తుందో లేదో తెలీదు.

బూట్లు మాత్రం ఒకరికని కాకుండా అన్నీ ఒకే సంచిలో వేసేశాం. సైజు చూసుకుని ఎవరైనా తీసుకోవచ్చు, మేం కూడా అందులోంచే వేసుకుంటున్నాం. జెర్సీలు లీగ్ రోజు తప్ప బయటికి తీయం.

లెఫ్ట్‌వింగ్ · ఆదివారం రాత్రి 8:52

ఆ అమ్మాయికి "ఎందుకు రావట్లేదు" అని కాకుండా "ఏ టైమైతే కుదురుతుంది" అని అడిగించండి. మీ ఆవిడ కోచ్‌తో, వాళ్లమ్మ ఎదురుగా. టైము మీరు ఖాయం చేశాక కాదు, చేయకముందు.

అనుమానం_పక్షి · ఆదివారం రాత్రి 9:10

బూట్ల సంచి మంచి పని. ఎవరికి ముందు మంచి జత దొరుకుతోందో మాత్రం ఓ కన్నేసి ఉంచు. రోజూ ఒకడే ముందు చెయ్యి పెడతాడు.

ఆదివారం_కోచ్ · ఆదివారం రాత్రి 9:14

నిజమే, నిన్ననే చూశాను. మా బాగా ఆడే ఇద్దరే. రేపట్నుంచి సంచి రివర్సు, చిన్నవాళ్లు ముందు.

పాత_కీపర్ · ఆదివారం రాత్రి 9:40

కుర్రాడు వచ్చాడా గ్రౌండుకి, లేదా? అది రాయలేదు నువ్వు.

ఆదివారం_కోచ్ · మంగళవారం రాత్రి 8:05

ఇవాళ వచ్చాడు. ఆలస్యంగా, అందరూ వార్మప్‌లో ఉండగా. నేను చూడనట్టే ఉన్నాను. వాడు తిన్నగా గోల్‌పోస్టు దగ్గరికెళ్లి, మేం కట్టిన నెట్ పట్టుకుని రెండుసార్లు లాగి చూసి, ముడులన్నీ విప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి అక్కణ్నుంచే అరిచాడు, "ఎవరు సార్ ఈ ముడి వేసింది?"

నేనే వేశాను. ఎవరికీ చెప్పలేదు.